అమ్మకు గీసిన మాటలు

కళింగపట్నంలో లక్ష్మణమ్మ గొంతు తెలియని మనిషి లేడు. పొద్దున పడవలు ఒడ్డుకు చేరి చేపల వేలం పాట మొదలైతే అందరి గొంతుల మీదా ఆమె గొంతే లేచేది. చేపల గంపతో శ్రీకాకుళం వెళ్లి, వీధి మొదట్లో నిలబడి "కానాగంతలమ్మా" అని ఒక్క కేక వేస్తే వీధి చివరి ఇంటావిడ గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. భర్త దాలయ్య ఏడాదిలో ఎక్కువ భాగం గుజరాత్‌లో, వెరావల్ రేవులో చేపల బోట్ల మీద పనిచేసేవాడు. ఒక్కగానొక్క కూతురు హేమ చదువంతా ఆ కేక మీదే నడిచింది.

హేమ విశాఖపట్నంలో ఇంటరాక్షన్ డిజైన్ కోర్సులో చేరినప్పుడు అదేం చదువని తల్లి అడిగింది. వేలు పెట్టగానే మనిషికేం కావాలో ఫోనుకు తెలిసేలా బొమ్మలూ బటన్లూ అమర్చే చదువని చెప్పింది హేమ.

"పోయే! మనుసులకే సేతకాదు గాని, నీ ఫోను కనిపెట్టేస్తాదేటి?" అని లక్ష్మణమ్మ కడుపారా నవ్వింది.

కాలేజీలో కుసుమకుమారి మేడమ్ మొదటి క్లాసులోనే ఒక మాట చెప్పింది. వాడే మనిషి తడబడితే తప్పు ఆ మనిషిది కాదు, మనం గీసినదానిది. వాళ్లు చెప్పేది వినండి, అంతకంటే ఎక్కువగా వాళ్లు చేసేది చూడండి. హేమకు ఇది బాగా నచ్చింది. రైల్వే స్టేషన్‌లో టికెట్ యంత్రం ముందు నిలబడి వెనక్కి మళ్లే ముసలాళ్లను చూస్తూ గంటలు గడిపేది.

ఆఖరి సంవత్సరంలో లక్ష్మణమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు లాగేసింది. మాట పూర్తిగా పోయింది. చెప్పినవన్నీ అర్థమవుతున్నాయని, పలకడమే రాదని డాక్టరు చెప్పాడు. దాలయ్య వచ్చి కొన్నాళ్లు ఉండి, బోటు యజమాని కబురుమీద కబురు పెడితే కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. పక్కింట్లోనే ఉండే లక్ష్మణమ్మ చెల్లెలు తవిటమ్మ వంటా, మంచం పనీ చూసుకుంది. హేమ కాలేజీకి సెలవు పెట్టి వచ్చేసింది.

తను నేర్చిన చదువు ఇందుకే పనికిరావాలి అనుకుంది. ఫోనులో పెద్ద బొమ్మలు గీసింది. వేలు పెడితే ఫోనే మాట పలుకుతుంది. నీళ్లు, అన్నం, నొప్పి, ఫ్యాను. ఎడమ బొటనవేలికి అందేలా బటన్లన్నీ ఒక వైపుకు జరిపింది. లక్ష్మణమ్మ రెండు రోజులు నొక్కి, తర్వాత ఫోను పక్కన పెట్టేసింది. హేమ మళ్లీ బొమ్మలు మార్చింది, రంగులు మార్చింది. తల్లి ముట్టలేదు.

అప్పుడు గీయడం మానేసి చూడటం మొదలుపెట్టింది. వాకిట్లో ఎండబెట్టిన నెత్తళ్ల చేపల మీద కాకి వాలితే తల్లి పెదవులు కదిలేవి. బేరం ఆడుతూ ఎవరైనా వీధిలో వెళ్తుంటే మెడ అటు తిరిగేది. హేమకు అర్థమైంది. తను ఇచ్చినవన్నీ రోగి మాటలు. లక్ష్మణమ్మ మాట ఒక్కటి కూడా అందులో లేదు.

హాస్టల్లో ఉన్నప్పుడు తల్లి పంపిన వాయిస్ మెసేజీలు ఫోనులో ఉన్నాయి. వాటిలోంచి మాటలు కత్తిరించి బటన్లకు అమర్చింది. ఏటే, రా, సాల్లే, పో. ఎంతో ఆశతో తెచ్చి తల్లి చేతికిచ్చింది. లక్ష్మణమ్మ నొక్కగానే ఆమె గొంతే గదిలో మోగింది. ఆమె ఒక్కక్షణం గుమ్మం వైపు చూసింది, ఎవరో వచ్చారన్నట్టు. తర్వాత ఫోనును బోర్లా తిప్పి దాని మీద అరచెయ్యి అదిమి పెట్టింది. కళ్ల నీళ్లు చెంప మీదుగా దిండులోకి కారాయి. ఏడుపుకు కూడా గొంతు లేదు.

హేమ ఆ గొంతు తీసేసి, అవే మాటలు తవిటమ్మ చేత పలికించింది. తవిటమ్మ సిగ్గుపడుతూ, కాకుల్ని తోలినట్టు "పో" అంది. ఈసారి లక్ష్మణమ్మ వాడింది. కాకుల్ని తోలింది, కుక్కని తోలింది. పలకరించడానికి వచ్చి ఏడ్చే బంధువుల్ని కూడా "పో" అని తోలితే ఇల్లంతా నవ్వింది. ఆ వారం ఆ ఇంట్లో కాస్త వెలుగు వచ్చింది.

ఆఖరి ప్రాజెక్టు చూపించకపోతే ఏడాది పోతుందని మేడమ్ ఫోను చేసింది. హేమ తల్లికి చెప్పలేదు. తవిటమ్మ చెప్పేసింది. ఆ సాయంత్రం హేమ అన్నం కలిపి నోటికి అందిస్తుంటే లక్ష్మణమ్మ ముద్ద వద్దని తల తిప్పుకుంది. ఫోను తీసుకుంది.

"పో."

హేమ ముద్దను కంచంలో పెట్టేసింది. "నన్నా, అమ్మా?"

"పో. పో."

అమ్మ నోట ఆ మాట ఎన్ని రకాలుగానో వచ్చేది. బస్సెక్కించేటప్పుడు ఒకటి, ముద్దుగా కసిరేటప్పుడు ఒకటి, నిజంగా ఒళ్లు మండినప్పుడు ఒకటి. ఫోనులో ఉన్నది ఒక్కటే, కాకుల్ని తోలేది. సగం ముఖంలో కదలిక లేదు, అది చూసి పోల్చుకుందామన్నా వీలుకాలేదు. కోపమా అని అడగవచ్చు. అవును, కాదు అనే బటన్లు కూడా ఉన్నాయి. కానీ ఏ జవాబు వస్తుందోనని భయపడి హేమ అడగలేదు. మర్నాడు విశాఖ వెళ్లిపోయింది.

అమ్మకు చేసిన ఆ బటన్లనే ప్రాజెక్టుగా చూపించింది. అందరికీ నచ్చింది. దీంతో నువ్వు నేర్చుకున్నదేమిటని అడిగితే, మనుషులకు అవసరాలు తీర్చే మాటలకంటే వాళ్ల సొంత మాటలు ముఖ్యమని చెప్పింది. చప్పట్లు కొట్టారు. తల్లికి వీడియో కాల్ చేసి చెబుదామని ఆమె బయటికి వస్తుండగానే తవిటమ్మ ఫోను వచ్చింది. రెండోసారి వచ్చిన పక్షవాతాన్ని తట్టుకోలేక లక్ష్మణమ్మ పోయింది.

దాలయ్య వెరావల్ నుంచి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. దినం అయ్యాక అక్కాచెల్లెళ్లిద్దరూ కూర్చునే అరుగు మీద హేమ పిన్ని పక్కన కూర్చుంది. ఫోను ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"పిన్నీ, అమ్మ నన్ను పొమ్మన్నది కోపంతోనా?"

తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకేటి తెలస్తాదే అమ్మా. అది దాని గొంతైతే పోల్చుకుందును. నా గొంతాయె." మళ్లీ తనే అంది, "ఫోనులోంచి ఆ మాట తీసియ్యే. పొయ్యి కాడ ఉన్నా, నిద్దట్లో ఉన్నా, నా నోటెంట నా అప్ప నిన్ను పొమ్మంటన్నట్టే ఉన్నాది."

హేమ అక్కడే కూర్చుని తీసేసింది.

ఇప్పుడామె విశాఖలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తోంది. ఆ ప్రాజెక్టును జూనియర్లకు చూపించవచ్చా అని మేడమ్ అడిగితే, బొమ్మలు చూపించండి, మాటలు మాత్రం వినిపించకండి అంది. కంపెనీలో కొత్తగా చేరినవాళ్లు గీసింది తెచ్చి చూపితే, వాడే మనిషి ఇదే మాట ఇంకోలా అనాలనుకుంటే ఎలా అంటారు అని అడుగుతుంది. వాళ్లు ఆలోచించి ఏదో ఒకటి చెబుతారు. ఆమె తల ఊపుతుంది. ఆ ప్రశ్నకు జవాబు ఆమెకూ తెలియదు.