రిపోర్టులో మొదటి పేరు

సిస్టర్ పోయారని పోయిన మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. భూపాలపల్లిలో నేను పనిచేసే చిన్న ఆసుపత్రిలో అప్పుడే ఒక పెద్దాయన కాలి పుండుకు కట్టు కడుతున్నాను. ఫోన్ చేసింది ఆమె తమ్ముడు. "అన్నా, మా అక్క తెల్లారంగ పానం ఇడిసింది. అందరికన్న ముందుగాల నీకే చెప్పుమన్నది," అన్నాడు. కట్టు సగంలో ఉంది. అలా వదిలేసి నిలబడితే ఆమె ఏమనేవారో నాకు తెలుసు. పూర్తిగా కట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు బయటి బెంచీ మీద కూర్చున్నాను.

నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి హవల్దారుగా రిటైరయ్యాను. మాది రఘునాథపల్లి దగ్గర ఒక పల్లె. ఆమె సైనిక ఆసుపత్రుల్లో నర్సింగ్ అధికారి. లెఫ్టినెంటుగా చేరి లెఫ్టినెంట్ కల్నల్‌గా దిగిపోయారు. మా ఊరివాళ్లకు ఇద్దరం "మిలిటరీ దవాఖానోళ్లమే". లోపల మాత్రం ఆ తేడా ప్రతి నిమిషం కనబడేది. ఆమె వార్డులోకి వస్తే నేను లేచి సెల్యూట్ చేయాలి. ఆమె భోజనం ఆఫీసర్ల మెస్సులో, మాది జవాన్ల లంగరులో. ఆమె భుజం మీద నక్షత్రాలు పెరిగి, మేజర్ అయ్యాక మూడు సింహాల గుర్తు వచ్చింది. నా చొక్కా చేతికి మొదటి నాలుగేళ్లు ఏమీ లేదు. మంచం మీద పడుకున్న జవానుకు మాత్రం ఆమె ఏ ర్యాంకైనా ఒకటే, "సిస్టర్". నా మనసులోనూ ఆ పేరే నిలిచిపోయింది.

మొదటిసారి నాతో మాట్లాడింది ఒక ట్రే కింద పడ్డప్పుడు. ఉత్తరాదిలో కొండల మధ్య పెద్ద ఆసుపత్రి అది. నేను చేరి వారం కూడా కాలేదు. చలికి వేళ్లు కొంకర్లు పోయి స్టీలు ట్రే జారింది. "అయ్యో, నీ పాడుగాను!" అన్నాను, నన్ను నేనే. అటుగా వెళ్తున్న ఆమె ఆగారు.

"ఏ ఊరురా నీది?"

అంత దూరంలో, ఆ తెల్ల యూనిఫారం లోంచి ఆ మాట వచ్చేసరికి పడ్డ ట్రేను అక్కడే వదిలేశాను. నిటారుగా నిలబడి ఊరు చెప్పాను.

"మాది బయ్యారం దిక్కు తండా. సికింద్రాబాద్ పోయే రైలు మీ ఊరి మీదికెళ్లే పోతది. సరే, కత్తెరలన్నీ మళ్లా ఉడకబెట్టు," అని వెళ్లిపోయారు.

అలాగని నన్ను ఎప్పుడూ ప్రత్యేకంగా చూడలేదు. అందరికంటే ఎక్కువ తిట్లు నాకే. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, కొలువులో హిందీ, పై అధికారులతో ఇంగ్లీషు. నాలుగు భాషల్లోనూ ఆమె గొంతు ఒకే ఎత్తులో ఉండేది. గడియారాన్ని మణికట్టు లోపలి వైపుకు తిప్పి పెట్టుకునేవారు. "నాడి చూసేటప్పుడు మాట్లాడకు. లెక్కా తప్పుతది, మాటా తప్పుతది," అనేవారు. గాయం కడిగేటప్పుడు నేను ముఖం తిప్పుకుంటే, "ఆయన నీ మొకమే చూస్తుండు. నీ మొకంల ఎంత భయముంటే ఆయన గాయం అంత పెద్దదైతది," అన్నారొకసారి. ఈ రోజుకీ కట్టు విప్పే ముందు నా ముఖం నేను సరిచేసుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఆమె ఉండగా ఎవరికీ చెప్పలేదు.

నేను లాన్స్ నాయక్ అయిన రెండో ఏడు. చేతికి ఒక పట్టీ వచ్చింది, నాయక్ కావడానికి రెండో పట్టీ దగ్గర్లో ఉంది. మా బాపు అప్పుడే ఊరంతా చెప్పుకున్నాడు కూడా. ఆ రోజుల్లో ఒక సైనిక ట్రక్కు లోయలో పడింది. ముప్ఫై మందిని మా వార్డుకు తెచ్చారు. ముందు రోజు పొద్దున డ్యూటీ ఎక్కినవాణ్ని మర్నాడు మధ్యాహ్నం దాకా దిగలేదు. ఇద్దరికి రక్తం ఎక్కించాలని డాక్టరు కెప్టెన్ చెప్పారు. పరీక్షకు ఇద్దరి నుంచీ నేనే రక్తం తీశాను. ఇద్దరి పేరూ మోహన్ సింగే. సీసాల మీద చీటీలు అంటించేటప్పుడు ఒకరిది ఒకరికి వేశాను.

రక్తం సంచి వచ్చింది. స్టాండుకు తగిలించబోతుంటే సిస్టర్ నా చేయి పట్టుకుని ఆపారు. రోగి మెడలో పేరూ నంబరూ ఉండే రేకు బిళ్లను వెనక్కి తిప్పారు. దాని మీద రక్తం గ్రూపు ఓ. సంచి మీద బి. సంచిని వెనక్కి పంపి, ఇద్దరి నుంచీ మళ్లీ తానే రక్తం తీశారు. ఇద్దరూ బతికారు.

సాయంత్రం ఆమె తన గదిలో కూర్చుని రిపోర్టు రాయడం మొదలుపెట్టారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"మేడమ్, ఎవ్వలకేం కాలేదు గదా. మీరు నేను తప్ప ఎవ్వలు చూడలే. మనం ఒక్క దిక్కోళ్లం. రాయకుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

ఆమె పెన్ను ఆపారు. "ఇయ్యాల నేనున్న, బిళ్ల తిప్పి చూసిన. రేపు నేను లేని వార్డుల ఎవలు తిప్పి చూస్తరు? ఎట్ల తప్పయిందో రాసిపెడితేనే గద పది దవాఖానలల్ల తెలుస్తది."

"నా కొలువు పోతది మేడమ్."

"పోదు. పో, పోయి పండుకో."

నన్ను కమాండింగ్ అధికారి ముందుకు తీసుకెళ్లారు. టోపీ తీయించి నిలబెట్టి మందలించారు. అది నా రికార్డుకెక్కింది. ఆ ఏడు రెండో పట్టీ నా తర్వాత చేరినవాడికి వెళ్లింది. బాపుకు ఉత్తరం రాయడానికి నెల రోజులు పట్టింది.

అప్పట్నుంచి నేను ఆమెతో తెలుగు మాట్లాడలేదు. ఆమె తెలుగులో అడిగితే నేను హిందీలో జవాబిచ్చేవాణ్ని. నాకు చేతనైన పగ అదే. ఆమె ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. తెలుగులో అడగడమూ మానలేదు. బదిలీ అయిన రోజు వార్డంతా తిరిగి చివర నా దగ్గరికి వచ్చి, "పోతున్న. పైలంగ ఉండు," అన్నారు. "జీ మేడమ్," అన్నాను. అంతే.

తర్వాత రెండేళ్లకు నాకూ బదిలీ వచ్చింది. కాగితాల కోసం ఆఫీసుకు వెళ్తే, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ హెడ్ క్లర్కు సుబేదారు నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఆ రిపోర్టు నువ్వు చదివావా అని అడిగాడు. లేదన్నాను. అందులో తప్పు చేసినవాళ్ల కింద మొదటి పేరు ఆమెదేనని చెప్పాడు. "ఆ మనిషిని ముప్ఫై గంటలు డ్యూటీలో ఉంచింది నేనే, ఒకే పేరున్న ఇద్దర్ని పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టించింది నేనే, కాబట్టి తప్పు ముందు నాది, తర్వాతే అతనిది" అని ఆమె రాశారట. ఆ మాట లేకపోతే నన్ను ఆ పని నుంచే తీసేసేవాళ్లట. మందలింపు కాగితం ఆమె ఫైలులోనూ చేరింది.

టీ చల్లారిపోయింది. ఆమెకు ఉత్తరం రాయాలని కూర్చున్నాను. "పూజ్యులైన మేడమ్ గారికి" దగ్గరే ఆగిపోయింది. ఒకసారి కాదు, చాలాసార్లు.

మళ్లీ ఆమెను చూసింది రిటైరయ్యాకే, జనగామలో మాజీ సైనికుల సమావేశంలో. పత్తిచీర కట్టుకుని, పింఛను కాగితాల వరుసలో అందరితో పాటు నిలబడి ఉన్నారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. దగ్గరికి వెళ్లి సెల్యూట్ చేశాను. చేయి దించడం మరిచిపోయాను.

"మేడమ్, నన్ను మాఫ్ చేయుండ్రి," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసి నవ్వారు. "దేనికి తమ్మీ? హిందీకా?"

అంత మంది మధ్య నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఆ తర్వాత నెలకోసారైనా మహబూబాబాద్‌లో ఆమె ఇంటికి వెళ్లేవాణ్ని. మొదట్లో కుర్చీ అంచున కూర్చునేవాణ్ని. "మంచిగ కూసో, ఇది వార్డు కాదు," అనేవారు. జొన్నరొట్టె తానే చేసి పెట్టేవారు. ఆమె కల్నల్ కాలేదు. ఆమె జూనియర్లు ఇద్దరు అయ్యారు. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, నా వల్లేనా అని.

"కావచ్చు, కాకపోవచ్చు. ఎందుకు ఇయ్యలేదో ఎవలు చెప్తరు?"

"బాధ కాలేదా మేడమ్?"

"ఎందుకు కాదు? అయింది. గదిల తలుపేసుకుని ఏడ్చిన. కని మళ్లా రాయుమంటే మళ్లా గదే రాస్త," అని రొట్టె తిప్పారు.

కిందటి నెల ఆమెను మహబూబాబాద్ ఆసుపత్రిలో చేర్చారు. కిడ్నీలు పాడయ్యాయి. నేను పక్కనుండగా రక్తం తీయడానికి ఒక కొత్త నర్సు వచ్చి, పేరు చదివి, "మీరేనా అమ్మా?" అంది. సిస్టర్ కళ్లు తెరిచారు. మాట సన్నగా వచ్చింది.

"గట్ల అడగొద్దు బిడ్డా. 'నీ పేరేంది' అని అడుగు. రోగమున్నోళ్లు అలిసిపోయి దేనికైనా ఊఁ అంటరు."

ఆ పిల్ల అలాగే అడిగింది. సిస్టర్ తన పూర్తి పేరు చెప్పారు. ర్యాంకు చెప్పలేదు.

తండాలోనే ఆమెను మట్టి చేశారు. ఆడవాళ్లు వాళ్ల భాషలో పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చారు. ఆ భాష నాకు రాదు. అయినా ప్రతి మాటా తెలిసినట్టే అనిపించింది. మూడో రోజు ఆమె తమ్ముడు సమాధి మీద పెట్టడానికి ఒక నల్లబండను తెచ్చాడు. చెక్కేవాడికి ముందు సుద్దతో రాసి ఇవ్వాలి.

"అన్నా, నువ్వే రాయి. డాక్టర్ అని రాయాల్నా? తండల అందరం డాక్టరమ్మ అనే అంటుంటిమి."

"డాక్టర్ కాదు. నర్సు."

"గంత పెద్ద ఆఫీసర్ను నర్సు అని రాస్తే చిన్నగ కనపడదా?"

"కనపడదు," అన్నాను. ముందు పేరు, దాని కింద పెద్ద అక్షరాలతో నర్సు, ఆ కింద లెఫ్టినెంట్ కల్నల్ అని రాశాను. రాస్తుంటే ఒక అక్షరం వంకర పోయింది. చెరిపి మళ్లీ రాశాను.

సిస్టర్ పెద్దక్క అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని చూస్తోంది. కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి బండ పక్కన చతికిలబడింది. ఆమెకు చదువు రాదు.

"యాడున్నది తమ్మీ, మా చెల్లె పేరు?"

చూపించాను. ఆమె చూపుడు వేలు మొదటి అక్షరం మీద పెట్టింది. దాని వంపు వెంట మెల్లగా తిప్పి, రెండో అక్షరానికి వెళ్లింది. సుద్ద చెరిగిపోతోందని తమ్ముడు అనబోయాడు. నేను వద్దని చెయ్యి ఊపాను. తెల్లబడ్డ ఆ వేలు ఒక్కో అక్షరం దాటుకుంటూ బండ మీద ముందుకు పోతూనే ఉంది.