మెట్రో స్టేషన్‌లో ‘అవసరమా?’ అన్నారు

చెన్నై మెట్రో ఎక్కాలన్న సరదా నాకెప్పుడూ లేదు. పెద్దమ్మ కోసం ఎక్కాను. ఆమె తమ్ముడు రమణయ్య మామకు ఆ రోజు మధ్యాహ్నం చెన్నైలో గుండె ఆపరేషన్. వలల పంపకం దగ్గర మాటా మాటా పెరిగి అక్కాతమ్ముళ్ళు ఏళ్ళ తరబడి ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. ఇప్పుడు లోపలికి తీసుకుపోయేలోగా అక్కను ఒక్కసారి చూడాలని మామ కబురు పంపాడు. పెద్దమ్మ ముందురోజే మామిడికాయ వేసి చేపల పులుసు కాచి క్యారియర్‌లో సర్దింది. అలిగిన తోబుట్టువు గడపలోకి మా పులికాటు పల్లెల్లో ఉత్త చేతులతో పోరు.

“ఆపరేషన్ మనిషి పులుసు తింటాడా పెద్దమ్మా?” అన్నాను.

“తినకపోతే వాసనన్నా చూస్తాడు. నువ్వు నడువు!”

పొద్దున్నే దొరవారిసత్రంలో బస్సెక్కి సూళ్ళూరుపేటలో దిగాం. అక్కడి నుంచి చెన్నైకి లోకల్ రైలు. టికెట్టు టిఫిన్ ఖర్చు కూడా కాదు. సెంట్రల్ దాకా పోకుండా నగరానికి ఉత్తరపు కొసన దిగి మెట్రో పట్టుకుంటే ట్రాఫిక్ గొడవ ఉండదు. స్టేషన్ రోడ్డుకు పైన, లావుపాటి స్తంభాల మీద ఉంది. ఎస్కలేటర్‌ను చూసి పెద్దమ్మ జడిసి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి మెట్ల మీదుగానే ఎక్కింది.

పైన తనిఖీ దగ్గర క్యారియర్ ఆపేశారు. వెనక జనం, ముందు పెద్దమ్మ ఆత్రం. కాపలా ఉన్న ఆవిడ పెద్దమ్మ మొహం చూసి “అవసరమా?” అంది. పెద్దమ్మకు ఒళ్ళు మండింది. “మా చేపలంటే అంత లోకువా? మాకేం అవసరం లేదు పో!” అనేసింది. కాపలావిడ తలూపి, మమ్మల్ని పక్కన కూర్చోబెట్టి, పెద్ద ఆఫీసరు వచ్చి క్యారియర్ చూసేదాకా అందరినీ మాకంటే ముందు పంపింది. మా కళ్ళ ముందే రైళ్ళు పోయాయి.

చివరికి వదిలారు. ప్లాట్‌ఫాం మీద సూళ్ళూరుపేట ఆవిడ ఒకరు మా గోడు విని నెత్తి కొట్టుకున్నారు. “అయ్యో అక్కా! అరవంలో అవసరమంటే తొందర. తొందరగా పోవాల్నా అని అడిగినాది. లేదన్నారు మీరు!”

అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుంది. పెద్దమ్మ అటు చూడనే లేదు.

ఆస్పత్రికి చేరేసరికి మామను లోపలికి తీసుకెళ్ళిపోయారు. “తలుపు దాకా నీకోసమే చూసినాడు వదినా,” అంది అత్త. ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు మంచం పక్కన నిలబడి పెద్దమ్మ స్టేషన్ సంగతంతా చెప్పింది. మామ నమ్మలేదు. గోడ వైపు తిరిగి, “అవసరం ఉన్నోళ్ళు ముందే వస్తారులే అక్కా,” అన్నాడు. పులుసు క్యారియర్ మూత విప్పకుండానే వెనక్కి వచ్చింది.

అరవవాళ్ళతో మనది ఇరుగుపొరుగు బతుకని, మాటలు కలిసిపోతాయని మురిసిపోతుంటాం. కలిసిన మాటే కొంప ముంచింది. అద్దంలాంటి ఆ స్టేషన్ తలచుకుంటే ఇప్పటికీ నోరంతా చేదవుతుంది. అటు వెళ్ళేవాళ్ళు ఇదొక్కటి గుర్తుంచుకోండి: అక్కడ ఎవరైనా “అవసరమా?” అంటే రోషపడకుండా “అవసరమే” అనండి. తమ్ముడి దగ్గర ఆ మాట చెల్లే రోజు మా పెద్దమ్మకు ఇంకా రాలేదు.