ముందు రబ్బరు, తర్వాత పిన్ను

కార్లకు వైరింగ్ చేసే మేస్త్రి వైర్లు కలిసే జాయింటును ఊడబీకి, లోపల చిటికెన వేలు పెట్టి తడిమి, వేలిని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. చిలుము వాసన. గోటి నిండా పొడి.

"ఏ చేతగాని వెధవ చేశాడమ్మా ఇది? బానెట్ కింద, వాన నీళ్లు చిమ్మేచోట, రబ్బరు లేని కనెక్టర్లు పెడతాడా ఎవడైనా? వాడి చేతులు విరగ్గొట్టాలి" అని అంతెత్తున లేచాడు.

కారుకు జారగిలబడి నిలబడ్డ నర్సమ్మకు కళ్లు మూతలు పడుతున్నాయి. "మీరేనండీ, పోయినేడు" అంది.

మేస్త్రి వైర్ల కట్టను చేత్తో తడుముకుంటూ పోయాడు. రెండుసార్లు తిప్పి లోపలికి దోపిన దారం ముడి వేలికి తగిలింది. ఆ ముడి తను తప్ప ఈ చుట్టుపక్కల ఎవరూ వేయరు. తిట్టిన తిట్లన్నీ తిరిగొచ్చి తన నెత్తినే కూర్చున్నాయి.

నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి మంచాన పడ్డవాళ్లను చూసుకుంటుంది. అందుకోసమే కారు వెనక సీటు పీకించి, మందులు చల్లగా ఉంచే పెట్టె, కఫం లాగే పంపు, ఒక దీపం పెట్టించుకుంది. కంపెనీ వైరింగ్ వాటికి చాలదు గనక మొత్తం వైర్ల కట్టను మేస్త్రి చేతే కొత్తగా కట్టించుకుంది. మొన్నటి వానలో దారి మధ్యలో పెట్టెకు కరెంటు ఆగిపోయింది. ఆమె చూసుకునేసరికి మందులు వేడెక్కి పాడైపోయాయి.

"తిట్టడానికి రాలేదండీ. ఆ ఓపిక కూడా లేదు. ఈసారి ఆగకుండా చూడండి, అంతే. ఇంకోసారి ఇట్లా అయితే నన్ను నమ్మి తలుపు తీసేవాళ్లుండరు" అని తాళాలు అతని చేతిలో పెట్టి, కాళ్లీడ్చుకుంటూ బస్సు కోసం వెళ్లిపోయింది.

అసలు సంగతి మేస్త్రికి తెలుసు. ఏడాదిన్నరగా అతని కళ్లకు లోకమంతా పాలు కలిపిన నీళ్లలోంచి చూసినట్టే కనిపిస్తోంది. రబ్బరున్న కనెక్టరు వేయాలంటే నీళ్లు చొరకుండా ఒక్కో వైరుకూ కందిబద్దంత రబ్బరు ఎక్కించి, ఆ తర్వాత వైరు కొసకు చిన్న రాగి పిన్ను బిగించాలి. రబ్బరు లేనిదైతే పిన్ను పెద్దది, పని వేళ్లకే తెలిసిపోతుంది. అందుకని వచ్చిన ప్రతి బండికీ, తడి తగిలేచోటా తగలనిచోటా, రబ్బరు లేనివే వేస్తూ వచ్చాడు. ఎవరైనా అడిగితే "ఇవే గట్టివి బాబూ" అని బుకాయించేవాడు. ఇంకొకడి పనైతే తిట్టిపోసేవాడు, తనదైతే గట్టిదేనని చెప్పీ చెప్పీ తనే నమ్మేశాడు పాపం. వాళ్ల నాన్నదీ ఇదే పని. చూపు పోయాక ఆయన షాపు గుమ్మంలో కూర్చొని, వచ్చేపోయే బండ్ల చప్పుడు విని పేర్లు చెబుతూ కాలం వెళ్లబుచ్చాడు. చూసినవాళ్లంతా అయ్యో అనేవారు. ఆ అయ్యో తన చెవిన కూడా పడుతుందేమోనని మేస్త్రి భయం.

సామాన్ల కొట్టాయన మూడు రకాలు బల్లమీద పెట్టాడు. రబ్బరు లేనిది, రబ్బరున్నది, రబ్బరున్నదాన్ని చూసి అచ్చు దించిన చవక సరుకు.

"మీరెప్పుడూ తీసుకునేవి ఇవే కదా, కట్టేమంటారా?" అన్నాడు.

"ఆగవయ్యా, రైలెక్కేవాడిలా ఏమిటా తొందర?"

చవకదాని రబ్బరును గోటితో నొక్కాడు. నొక్కు పడింది పడ్డట్టే ఉండిపోయింది. అసలుదాన్ని నొక్కితే వెంటనే పైకి లేచింది. దాని రెండు సగాలూ కలిపి చెవి దగ్గర పెట్టుకున్నాడు. టక్కుమని కొక్కెం పడింది. లాగితే రాలేదు. ఏది కొనాలో తేలిపోయింది, దాన్ని ఎవరు బిగించాలన్నదే తేలలేదు. అయినా నర్సమ్మ మొహం గుర్తొచ్చి కొనేశాడు.

ఇంటి వసారాలో ఒక చెక్కపలక, దాని నిండా కారు ఆకారంలో కొట్టిన మేకులు. వైర్లను ఆ మేకుల వెంబడి పరిచి, కొలతకు తెగ్గోసి కట్ట కడతాడు. మొదటి పిన్ను బిగించి హమ్మయ్య అనుకునేసరికి రబ్బరు బల్లమీదే ఉంది. బిగించిన పిన్ను మీదుగా రబ్బరు ఎక్కదు. పిన్ను కత్తిరించి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి రబ్బరు తిరగబడింది. ఆ తర్వాత మళ్లీ మరిచిపోయాడు. కత్తిరించినప్పుడల్లా వైరు పొట్టిదవుతూ వచ్చి, చివరికి మేకు దాకా అందకుండా పోయింది. మేస్త్రికి తల ప్రాణం తోకకొచ్చింది.

లోపల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. చొక్కాలకు కాజాలు కుట్టే వాళ్లావిడ గుమ్మంలోకి వచ్చి, కింద రాలిన ముక్కలను చూసింది.

"ఏంటండీ, కూరకు తరిగినట్టు తరుగుతున్నారు?"

"సరుకు మంచిది కాదు."

"నిన్న దీన్నే కదా వజ్రం అన్నారు?"

"నీకెందుకే ఇవన్నీ? పోయి నీ కాజాలు చూసుకో."

ఆమె పోలేదు. ఎదురుగా పీట వేసుకొని, ఒక వైరుకు రబ్బరు ఎక్కించి అతని ముందు పెట్టింది. "మొన్న ఉప్పనుకొని కూరలో చక్కెర వేశారు. నిన్న ఒక చెంపే గీసుకొని బజారుకెళ్లారు. నాకు తెలీదనుకున్నారా? మీ అంతట మీరే చెబుతారని చూశా. చూసీ చూసీ నాకూ విసుగొచ్చింది."

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అరవడానికి కూడా ఓపిక ఉండాలి. సిగ్గుపడుతూనే ఆమె పెట్టిన వైరును అందుకొని తడిమి చూశాడు. "ముందు రబ్బరు, తర్వాత పిన్ను. మరిచిపోకు" అన్నాడు.

ఆమె బిగించేది, అతను లాగి చూసేవాడు. వదులుగా ఉన్నది అతని వేళ్లకు ఇట్టే దొరికిపోయేది. "ఇది రేపే ఊడుతుంది, తీసెయ్" అంటే ఆమె మూతి ముడుచుకొని మళ్లీ చేసేది. కట్ట పూర్తయ్యాక దానికి బ్యాటరీ, ఒక చిన్న దీపం తగిలించి, కనెక్టర్లను ఉప్పునీళ్ల బకెట్లో ముంచారు. మర్నాడు కూడా దీపం వెలుగుతూనే ఉంది. ఆ కట్టను తెచ్చి కారులో బిగించారు.

కారు తీసుకెళ్లడానికి వచ్చిన నర్సమ్మ బానెట్ ఎత్తి చూసింది. "ఈసారి పని వేరేగా ఉందే!"

"వేరే చేతిదమ్మా. మా ఆవిడ చేసింది, నేను లాగి చూశానంతే. నాకు కళ్లు కనిపించట్లేదు."

అయ్యో అంటుందనుకున్నాడు మేస్త్రి. ఆమె అనలేదు. సంచీలోంచి చిన్న టార్చి తీసి, అతని గడ్డం పట్టుకొని పైకెత్తి, రెండు కళ్లలోనూ వెలుతురు వేసింది. "శుక్లాల్లా ఉన్నాయి. డాక్టరుకు చూపించండి. అవే అయితే ఒక్క పూటలో తీసేస్తారు. ఇన్నాళ్లూ ఎందుకు దాచారండీ?"

వాళ్లావిడ అక్కడే నిలబడి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. మేస్త్రికి మాత్రం సంతోషం కలగలేదు. ఒక్క పూట పనికి ఏడాదిన్నర భయపడ్డాడు. ఆ ఏడాదిన్నరలో తన చేతి మీదుగా రోడ్డెక్కిన బండ్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పిల్లల్ని బడికి తీసుకెళ్లే వ్యాను. కొండదారిలో పాలు తెచ్చే బండి. ఒంటికాలితో నడిపేలా మార్పించుకున్న దర్జీ కారు. అన్నింటికీ రబ్బరు లేనివే.

"రేపే ఆస్పత్రికి పోదాం పదండి" అంది భార్య.

"పోదాంలే. ముందు ఆ ఫోను తీసి, బడి వ్యాను డ్రైవరు నంబరు నొక్కు."

అవతల ఫోను ఎత్తిన చప్పుడు విని మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"నాయనా, నేను మేస్త్రిని. వ్యాను ఒకసారి తీసుకురా. బాగానే నడుస్తోందని నాకూ తెలుసు. వాన పడకముందే తీసుకురా. నేను సరిగ్గా చేయలేదు."