గీత దాకా నీళ్ళు

నా చిన్నప్పుడు మా వాడలో నాకు చెప్పిన మాట వినే పిల్లనని పేరు. అమ్మకు ఆ పేరంటే గర్వం. ఆ పేరే నా కొంప ముంచిందని తొమ్మిదేళ్ళ వయసులో నేను గట్టిగా నమ్మాను. ఎవరితోనూ అనలేదు.

మేము అప్పుడు మట్టెవాడలో అద్దెకుండేవాళ్ళం. నాన్న మిల్లులో పనిచేసేవాడు. పక్కింటి అక్క దవాఖానలో నర్సు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. మిగతా రోజుల్లో తెల్లచీర కట్టుకుని సైకిల్ రిక్షా కోసం మా అరుగు మీదే నిలబడేది. ఒకసారి దవాఖాన క్వార్టర్ల నుంచి మనీప్లాంటు తీగ ముక్కొకటి తెచ్చి అమ్మకిచ్చింది. అమ్మ దాన్ని డాల్డా డబ్బాలో నాటి, పాత చీర అంచు పీలికలుగా చింపి కిటికీ చువ్వలకు కట్టింది. రెండేళ్ళలో తీగ కిటికీ నిండా అల్లుకుంది. పేరు గొప్పే కానీ పైసా తెచ్చింది లేదని నాన్న వెక్కిరిస్తే, నీడ తెచ్చింది చాలదా అనేది అమ్మ.

ఆ ఎండాకాలంలో అమ్మకు కడుపు ఆపరేషన్ అయింది. మర్నాడు మధ్యాహ్నం నాన్న అన్నం తినడానికి బయటికి వెళ్తూ నన్ను మంచం పక్కన కూర్చోబెట్టాడు. అమ్మ నీళ్ళడిగితే ఇవ్వొద్దని, సిస్టర్ గట్టిగా చెప్పిందని, రెండుసార్లు హెచ్చరించి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళాడో లేదో అమ్మ కళ్ళు తెరిచింది.

"దూపైతాంది బిడ్డా. జరన్ని నీళ్ళియ్యి."

నీళ్ళ కూజా నా మోకాలికి తగులుతూనే ఉంది. ఇవ్వొద్దన్నరమ్మా అన్నాను. కాసేపాగి మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ అదే మాట అన్నాను. మూడోసారి అడగలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. మరునాడు పొద్దున్నే పోయింది.

పోయేవాళ్ళ నోట్లో తులసి నీళ్ళు పోయడం మావాళ్ళ ఆచారం. దవాఖానలో అది జరగలేదు. ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ పట్టుకుని మా అమ్మమ్మ ఒకటే మాట చెప్పి ఏడ్చేది. "నోట్ల నీళ్ళ చుక్క పడకుంట పాయె నా బిడ్డ." ఆమె ఆ మాట అన్నప్పుడల్లా నేను తలుపు చాటుకు పోయేదాన్ని. ఆ నీళ్ళు ఆపింది ఎవరో నాకు తెలుసు.

ఇక మొక్కను పట్టుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పొద్దున ఒక చెంబు, బడి నుంచి రాగానే ఒక చెంబు, దీపం పెట్టే వేళకు ఇంకో చెంబు. డబ్బాకు అడుగున చిల్లు లేదు. పదిహేను రోజులకు ఆకులు పసుపెక్కాయి. దాహమేమోనని ఇంకా పోశాను. ఒక్కో ఆకూ రాలిపోతుంటే ఏరి నా పుస్తకాల సంచిలో దాచుకున్నాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ అక్క కిటికీ చూసి ఆగింది. డబ్బాను అరుగు మీదికి తెచ్చి బోర్లించింది. మురుగు వాసన గుప్పుమంది. వేళ్ళు నల్లబడి, ముట్టుకుంటే జిగటగా ఊడి వచ్చాయి. కత్తెర తెమ్మంది. నేను తేలేదు. ఆ తీగ మీద అమ్మ వేసిన ముడులున్నాయి. అవి కత్తిరిస్తే నాకింక ఏం మిగులుతుందని రెండు చేతులతో డబ్బాను పట్టుకున్నాను. అక్క లాక్కోలేదు. పక్కన కూర్చుని, ఇన్ని నీళ్ళెందుకు పోసినవని మెల్లగా అడిగింది.

"అమ్మకు దూపయింది అక్కా. నేను ఇయ్యలె."

అక్క నా గదవ పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నీళ్ళు వద్దని మీ నాయనకు చెప్పిన సిస్టర్ ఎవరనుకున్నవ్? నేనే. నేను చెప్పిన, నువ్విన్నవ్. రేపు దేవుడడిగితే నన్నడుగుతడు చెల్లె, నిన్నడగడు."

నేను డబ్బా వదిలేశాను. ఆమె ఇంట్లోంచి కత్తెర తెచ్చుకుని కుళ్ళిన తీగంతా కోసేసింది. గట్టిగా ఉన్న కణుపులు మూడు దొరికాయి. వట్టి ఆకును నీళ్ళలో పెడితే పచ్చగా ఉంటుందే తప్ప చిగురు వేయదని, కణుపు ఉండాలని చెప్పింది. ఆ మూడు ముక్కలనూ ఖాళీ మందు సీసాలో పెట్టింది. ఆ రోజుల్లో మందు సీసాలకు ఎంత తాగాలో తెలియడానికి గీతలు గీసిన కాగితం అంటించేవారు. రెండో గీత దాకే నీళ్ళు పోయమంది, నాలుగు రోజులకోసారి మార్చమంది. నేను ఆమె ముఖం చూడలేదు.

అమ్మకు నీళ్ళు ఆపించింది ఆమేనని నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. సీసా చూడ్డానికి వస్తే గోడ వైపు తిరిగేదాన్ని. అయినా డ్యూటీకి పోయే ముందు రోజూ వచ్చి చూసిపోయేది. ఆమె మీద కోపంతో నేను అన్నం తిన్నాను, నిద్రపోయాను. అంతకుముందు రెండూ లేవు. మూడింటిలో ఒక్క ముక్కకే తెల్లటి వేరు వచ్చింది.

పదో తరగతిలో ఉండగా అమ్మమ్మ మాటల్లో మాటగా చెప్పింది. అమ్మకు ఆపరేషన్ అయినప్పటి నుంచి పోయేదాకా అక్క ఊళ్ళోనే లేదట. వాళ్ళమ్మకు జబ్బు చేసి స్టేషన్ ఘన్‌పూర్ పోయిందట. కబురు తెలిసి మూడో రోజున రైలు దిగి నేరుగా మా ఇంటికే వచ్చిందట. అప్పటికే అక్కకు పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోయింది. ఎక్కడుందో చెప్పేవాళ్ళు నాకు దొరకలేదు.

ఆ ఒక్క వేరు పిలకలే ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. అమ్మ చెయ్యి తగిలిన ఆకు వాటిలో ఒక్కటీ లేదు. మట్టిలో వేలు గుచ్చి చూడనిదే నేను నీళ్ళు పోయను.

పోయినేడు మావారు ఆపరేషనయి దవాఖానలో ఉన్నప్పుడు నీళ్ళడిగితే, డాక్టర్లు వద్దన్నారని మా మనవరాలు ఇవ్వలేదట. ఆయన దక్కలేదు. దినాలప్పుడు ఆ పిల్ల ఒక మూల కూర్చుని తన చేతులు తానే చూసుకుంటోంది. ఆ చూపు నాకు తెలుసు. పక్కన కూర్చుని, తాతకు నీళ్ళు వద్దని డాక్టర్లు అనలేదు, నేనే అన్నాను అని చెప్పాను. అది ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే మానె, కంటినిండా నిద్రపోతోంది.