చెక్కసుత్తి రెండు దెబ్బలు

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. మాస్టారు పోయారని కళింగపట్నం నుంచి ఫోనొచ్చినప్పుడు ఓ పంపు మోటారు చుడుతున్నాను. చెయ్యి ఆపలేదు. ఆపితే పాత సంగతొకటి పైకొస్తుందని భయం. అది ఎలాగూ వచ్చింది.

ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. నాది నరసన్నపేటలో వైండింగు కొట్టు, చదువు ఏడో తరగతి. ఆ తర్వాత చదివినవన్నీ కాలిపోయిన మోటార్లే. మా వోల్టేజీ దయవల్ల ఆ పుస్తకాలకు ఏనాడూ కరువు రాలేదు. మాస్టారు ప్రతి ఆదివారం వచ్చి, నూనె మరకల స్టూలు తుడవకుండానే కూర్చుని, టీ సాసర్లో పోసుకుని తాగేవారు.

ఆయన పరిశోధనంతా ఇనుప రిబ్బను మీద. కరిగిన ఇనుప మిశ్రమాన్ని గిర్రున తిరిగే రాగి చక్రం మీద పోస్తే, అణువులు వరుస కట్టేలోపే గడ్డకట్టి పల్చటి రిబ్బనై వస్తుందట. దాన్ని కొలిమిలో మళ్లీ కాస్తే లోపల కంటికి ఆనని గింజలు పుడతాయట.

“గింజ పెద్దదైతే ఎవడి పట్టు ఆడిదేనోయ్,” అనేవారు. “మరీ సిన్నదైతే పక్కోడు మొండికెయ్యనివ్వడు. అయస్కాంతం ఎటు తిరగమంటే అటు తిరుగుతాది. వేడి పుట్టదు, కరెంటు వృథా అవదు.”

“మా ఇంట్లో నేనూ అంతే మాస్టారూ.”

“నువ్వు మామూలు ట్రాన్స్‌ఫార్మరు రేకువోయ్. నీకు వేడెక్కువ.”

రిటైరయ్యే ఏడాది, తన చేత్తో కాచిన రింగొకటి తెచ్చారు. రిబ్బనును చుట్టగా చుట్టింది, అరచేతిలో పట్టేంత.

“దీనికి తీగ సుట్టియ్యి. కొలతలు బాగుంటే వ్యాసం రాసి పంపుతాను. ఇంకోటి సేద్దామంటే నాకిక కొలిమి ఉండదు.”

ట్రాన్స్‌ఫార్మరు రేకులు పేర్చాక చెక్కసుత్తితో రెండు దెబ్బలేసి సర్దడం మా పనిలో ఓనమాలు. నాకు పని నేర్పినాయన దెబ్బ వేసే ముందు సుత్తిని కళ్లకద్దుకునేవాడు. భక్తి సుత్తి మీదో, జీతమిచ్చే షావుకారు మీదో తెలీదు. మాస్టారి రింగు దాని ప్లాస్టిక్ డబ్బీలో బిగుతుగా ఉండి పూర్తిగా దిగలేదు. నేనూ సుత్తి కళ్లకద్దుకుని రెండేశాను. లోపల అప్పడం విరిగినట్టు కరకరమంది. కాచాక ఆ రిబ్బను అంత పెళుసని నాకు తెలీదు. అడగనూ లేదు. ముక్కలు కూడగట్టి, పసుపు టేపు బిగించి, పైన తీగ చుట్టి ఇచ్చేశాను.

తర్వాతి ఆదివారం వచ్చారు. “కొలతలు రాలేదోయ్. నా కొలిమిదే తప్పు. ఎక్కువ కాసేసుంటాను.”

నోరు తెరిచాను. “టీ సెప్పమంటారా?” అన్నాను.

వ్యాసం వెళ్లలేదు. ఆయన మాత్రం ఏళ్ల తరబడి ఆదివారాలు మానలేదు. రిబ్బను మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే చెప్పేద్దామని నేను కాచుకుని ఉండేవాణ్ని. నేనే ఎత్తాలని మాత్రం తోచలేదు.

పెద్దకర్మ అయ్యాక, మాస్టారింట్లో అమ్మగారికైనా చెప్పేద్దామని కళింగపట్నం వెళ్లాను. నేను మొదలెట్టేలోపే ఆవిడ బీరువాలోంచి రింగు తెచ్చారు.

“నీకిచ్చెయ్యమన్నారు నాయినా. కొలతలు పోయాయని సెప్పడానికి నీ కొట్టుకొచ్చారు సూడు, ఆ ముందురోజు మొత్తం విప్పీసి మళ్లీ సుట్టారు. ‘ఆడి సెయ్యి నాకు రాదే’ అని ఒకటే నవ్వు.”

తీగ వంకరటింకరగా ఉంది. సందుల్లోంచి తెల్ల టేపు కనిపిస్తోంది. నేను వేసింది పసుపుది. విప్పితే ముక్కలు కనబడకుండా ఉండవు.

ఆవిడ టీ ఇచ్చారు, తాగాను. రింగు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. గోతుల్లో బస్సు ఎగిరినప్పుడల్లా సంచిని ఒళ్లోంచి కొంచెం పైకెత్తి పట్టుకున్నాను.