ఉమాకాంత్ గారి రిపేరు తీరని బెడ్‌ఫోర్డ్

నళినికి తన భర్త ముఖం కన్నా కాళ్ళే ఎక్కువ పరిచయం. పాత మిలిటరీ బండి ఎక్కడ కనపడినా ఉమాకాంత్ గారు దాని కిందికి దూరతారు. అది నడిబజారు కావచ్చు, బురద కావచ్చు, ఒంటిమీద ఉన్నది పట్టుపంచె కావచ్చు, ఆయనకు పట్టదు. టార్చిలైటు పట్టుకుని వెల్లకిలా పడుకుని లోపలికి జరుగుతారు. బయట రెండు కాళ్ళు మిగులుతాయి. కాసేపటికి లోపలి నుంచి తీర్పు వస్తుంది: "ఇది బ్రిటిష్‌ది." లేదా, "ఇది బ్రిటిష్‌ది కాదు." ఈ రెండో తీర్పు వల్ల అశోక్‌నగర్‌లో సగం మంది ఆయనతో మాటలు మానేశారు.

2010లో నారాయణగూడలో ఒక పెళ్ళికి వెళ్ళారు. పెళ్ళికొడుకు మేనమామ రాఘవేందర్ తన పాత జీపుకు బంతిపూలు చుట్టి, అందులో పెళ్ళికొడుకును నిలబెట్టి ఊరేగింపుగా తెచ్చాడు. "మా తాతకు ఇంగ్లీషు కర్నల్ తన చేతులతోటి ఇచ్చిన బండి" అని ఎదురొచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు. నళిని పక్కకు చూస్తే భర్త లేడు. ఆమె జనంలో వెతకలేదు. తిన్నగా టైర్ల మధ్య చూసింది. పట్టుపంచె అంచు కనపడింది.

"నళినీ, ఇది యుద్ధం అయిపోయినంక బొంబాయిల బిగించిన బండి" అని కింది నుంచి వినపడింది. బ్యాండువాళ్ళు సరిగ్గా అప్పుడే పాట మార్చడానికి ఆగారు. అందరికీ వినపడింది.

"ఏందన్నా?" అని రాఘవేందర్ వంగి అడిగాడు.

"కర్నల్ మంచోడే కావచ్చు. కాని ఈ బండి పుట్టే టైముకు ఆయన లండన్‌ల పెన్షన్ తీసుకుంటున్నడు."

రాఘవేందర్ ఆ పూట అన్నం ముట్టలేదు. ఉమాకాంత్ గారు మాత్రం మనసు తేలికపడి, పెరుగన్నం మళ్ళీ వేయించుకున్నారు.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఆదివారాలు కోఠికి కూరగాయల సంచి పట్టుకుని వెళ్ళి, అందులో తుప్పు పట్టిన హెడ్‌లైటు వేసుకుని వచ్చేవారు. "వంకాయలు ఏవి?" అంటే, "లేతవి లేవు" అనేవారు. అదే ఏడు కాచిగూడ వెనక ఒక తుక్కు సామాన్ల షాపులో ఆయనకు తన జన్మకు సరిపడా నిధి దొరికింది. సిమెంటు మోసి, గడ్డి మోసి, చివరికి కోళ్ళు గుడ్లు పెట్టుకునే స్థితికి వచ్చిన ఒక లారీ. క్రేనుతో దాన్ని అశోక్‌నగర్ గల్లీకి తెచ్చారు. పొరలు పొరలుగా రంగు గీకారు. ఒక సాయంత్రం తలుపు మీద కాకి కాలు లాంటి బాణం గుర్తు బయటపడింది. బ్రిటిష్ సర్కారు తన సామాను మీద వేసుకునే ముద్ర అది. ఉమాకాంత్ గారు గల్లీ మొత్తాన్నీ పిలిచారు.

"నలభై రెండుల తయారైన బెడ్‌ఫోర్డ్. ముక్కు చూడున్రి ఎంత వెడల్పున్నదో. ఎడారి దుమ్ము ఇంజనులకు పోకుండ లోపల పెద్ద ఫిల్టర్ పెట్టిన్రు, అందుకే గింత ముక్కు" అన్నారు, బానెట్ నిమురుతూ.

"పెండ్లయినప్పటి సంది నా ముక్కు ఇంత పరీక్షగ చూడలే మీరు" అంది నళిని.

బండిని నిలిపింది పక్కనున్న ఖాళీ జాగాలో. ఆ జాగా విద్యాసాగర్ గారిది. ఆయన ముందే మాట చెప్పారు. "రిపేర్ అయ్యేదాక ఉండనియ్యన్నా. బండి చాలై కదిలిన రోజు తీసెయ్యి. నేను చుట్టూ గోడ కట్టించుకోవాలె."

లారీ వెనక వేలాడే కాన్వాసు గుడ్డను రెండు కర్రలతో లేపితే చక్కటి నీడ. ఆ నీడలో మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఆశమ్మ పొయ్యి పెట్టుకుంది. ఆమె భర్త హనుమప్ప బిల్డింగు పనులకు పోతాడు. ఆశమ్మ సాయంత్రాలు జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుంది.

ఏడాది గడిచింది. బండి చాలు కాలేదు. విద్యాసాగర్ వచ్చి అడిగితే కార్బురేటర్ అన్నారు ఉమాకాంత్ గారు. మళ్ళీ అడిగితే రేడియేటర్ అన్నారు. ఆ తర్వాత ఒక వాషరు ఇంగ్లండ్ నుంచి రావాలన్నారు. కోహినూర్ వజ్రం తిరిగి రావడానికి కూడా ఇంత ఆలస్యం కాదని గల్లీలో నవ్వుకున్నారు. అందరి బండ్ల జాతకాలూ చెప్పే మనిషి తన బండిని కదిలించలేకపోయాడని నళినికి లోలోపల చిన్నతనంగా ఉండేది.

2012 వానాకాలంలో ఒక సాయంత్రం కుంభవృష్టి. మురుగునీటి నాలా పొంగి గల్లీ మోకాలి లోతు నీళ్ళయింది. ఆశమ్మ గేటు పట్టుకుని అరిచింది.

"అమ్మా, మా మనీషకు నొప్పులు మొదలైనయి. ఒక్క ఆటో వస్తలేదు."

ఆశమ్మ కూతురు మనీష కాన్వాసు కింద, కడుపు పట్టుకుని కూర్చుని ఉంది. నళిని ఫోన్ చేసింది. అంబులెన్సు బయల్దేరిందట, నీళ్ళల్లో ఆగిందట.

ఉమాకాంత్ గారు లారీ వైపు చూశారు. భార్య వైపు చూశారు. లోపలికి వెళ్ళి మంచం కింది నుంచి పొడుగాటి ఇనుప హ్యాండిల్ తెచ్చారు.

"ఏం చేస్తున్నరు? దానికి వాషర్ రావాలె గద ఇంగ్లండ్ నుంచి" అంది నళిని.

"వచ్చింది."

"ఎప్పుడు?"

"పోయినేడు."

లారీ ముక్కులో హ్యాండిల్ దూర్చి ఒక్క తిప్పు తిప్పారు. అంతే. గల్లీ కిటికీలన్నీ దడదడలాడాయి. డెబ్బై ఏళ్ళ ఇంజను పొద్దున్నే కాఫీ తాగిన మనిషిలా హుషారుగా మోగింది. నళిని కొంగు నడుముకు దోపి ఆయన వైపు రెండడుగులు వేసింది.

"తర్వాత తిట్టు. ముందు ఎక్కున్రి" అన్నారాయన.

మనీషను వెనక బస్తాల మీద పడుకోబెట్టారు. ఆశమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. కార్లు తేలుతున్న రోడ్డు మీద బెడ్‌ఫోర్డ్ నీళ్ళను రెండుగా చీలుస్తూ పోయింది. ఉమాకాంత్ గారి కళ్ళు మెరుస్తున్నాయి. "ఇది ఎడారికి చేసిన్రు, నళినీ. ఈదుతదని వాళ్ళకు కూడ తెల్వది."

చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర నీళ్ళల్లో ఒక పాత ఆకుపచ్చ లారీ ఆగిపోయి ఉంది. ఆయన మెడ అటు తిరిగింది. కాలు బ్రేకు మీదికి పోయింది.

"దిగిన్రంటే నేనే నడుపుకుంట పోత" అంది నళిని.

"ఊరికె చూసిన. అది బ్రిటిష్‌ది కాదు."

నారాయణగూడ ఆస్పత్రి చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. పని దగ్గరి నుంచి తడుస్తూ పరుగెత్తుకొచ్చిన హనుమప్ప, లోపలికి పోవడానికి ముందు లారీ బానెట్‌కు దండం పెట్టి వెళ్ళాడు.

వరండాలో నళిని భర్తను పట్టుకుంది. "ఏడాది సంది మంచిగున్న బండిని చెడిపోయిందని ఎందుకు చెప్పిన్రు? అందరు నవ్వుతుంటే నాకెంత పరేషానైందో తెలుసా?"

ఉమాకాంత్ గారు చేతులకంటిన గ్రీజు చూసుకున్నారు. "బండి చాలైతే తీసెయ్యాలె. తీస్తే విద్యాసాగర్ గోడ కడతడు. ఆశమ్మ పొయ్యి యాడికి పోతది?"

"రాఘవేందర్ జీపుకైతే పెండ్లిల ఒక్క అబద్ధం ఆడరాలేదు మీకు."

"అది బండి పుట్టుక సంగతి. పుట్టుక మీద అబద్ధమెట్ల ఆడత?"

"నాకన్న చెప్పొచ్చు గద."

"నీకు అబద్ధమాడరాదు" అన్నారు, చాలా గౌరవంగా.

మర్నాడు పొద్దున లారీ మళ్ళీ ఖాళీ జాగాలో ఉంది. విద్యాసాగర్ చంకలో గొడుగుతో వచ్చారు. "అన్నా, నిన్న బండి చాలైందంట గద. ఇంక గోడ పని మొదలుపెట్టియ్యనా?"

ఉమాకాంత్ గారి దగ్గర కొత్త సాకు తయారుగా లేదు. ఆయన నోరు విప్పేలోపు నళిని ముందుకొచ్చింది.

"చాలైంది, కాని అదే ఆఖరన్నా. నీళ్ళల్ల పోయి గేర్‌బాక్స్ మొత్తం ఖరాబైంది. ఆ పార్టు ఇప్పుడు ఇంగ్లండ్‌ల కూడ దొరుకుతలేదట."

విద్యాసాగర్ నళినిని చూశారు. గల్లీ బురదలో జాగా దాకా తిన్నగా వచ్చిన లారీ టైర్ల జాడలను చూశారు. కాన్వాసు కింద తడిసిన పొయ్యిని బూడిద తీసి ఆరబెడుతున్న ఆశమ్మను చూశారు.

"అయితే ఎంత లేదన్నా రెండేండ్లు పడతది" అన్నారు.

"మూడు" అంది నళిని.

"మంచి పని. నిదానంగ చేసుకోన్రి" అంటూ ఆయన గొడుగు తెరిచి వెళ్ళిపోయారు. వాన ఎప్పుడో ఆగిపోయింది.

నళిని పీట తెచ్చుకుని లారీ పక్కన కూర్చుంది. "జర ఆ గేర్‌బాక్స్ ఏదో చూపియ్యున్రి. మళ్ళడిగితే చెప్పాలె గద."

ఉమాకాంత్ గారు కళ్ళజోడు తుడుచుకుని, పెదవులు తడుపుకుని, బెడ్‌ఫోర్డ్ కంపెనీ పుట్టిన నాటి నుంచి మొదలుపెట్టారు.