అక్క చీరకు వచ్చిన గిన్నె

నేను బాప్తిస్మం తీసుకున్న ఏడాదే అమ్మ ఆత్రేయపురంలో ఇల్లు ఖాళీ చేసి, నిడదవోలులో మా ఇంటికి వచ్చేసింది. చేతిలో ఒక సంచీ, చంకలో ఒక వెదురు బుట్ట. ఆ బుట్టలో మా అక్క పెళ్ళిచీర ఉంది.

అక్క తొలికాన్పులో పోయింది. ముత్తయిదువుగా పోయిన ఆడపిల్లను పేరంటాలుగా నిలుపుకుని, ఆమె చీరకు ఏడాదికోసారి పసుపు కుంకుమ పెట్టి కొలవడం మా వాళ్ళ ఆనవాయితీ. అమ్మకు ఏడాదికోసారి చాలదు. రోజూ పొద్దున్నే మూత తీసి, "లేచావా అమ్మా" అని పలకరించేది. నన్ను ఒక్కనాడూ అలా పలకరించిన పాపాన పోలేదు.

కొత్తగా ప్రభువును నమ్ముకున్నదాన్ని. బైబిల్లోని రెండో ఆజ్ఞ నా నాలుక చివరే ఉండేది. విగ్రహం చేసుకోకూడదు, దాని ముందు సాగిలపడకూడదు.

"విగ్రహం ఎక్కడుందే? ఇది చీర" అనేది అమ్మ.

"దణ్ణం పెట్టావంటే చీరైనా విగ్రహమే."

పాస్టరుగారికి చెప్పాను. నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. "పెద్దావిడండి. కూతురు పోయిన దుఃఖం అది. బలవంతపెట్టకండమ్మా, ప్రార్థన చేద్దాం" అన్నారు. ఈయనకు భక్తి చాలదనిపించింది. దేవుడు రోషం గలవాడని ఆ ఆజ్ఞలోనే ఉంది కదా! ఆ రోషాన్ని అడ్డం పెట్టుకుని నా అక్కసు తీర్చుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది. అక్క చచ్చిపోయి కూడా అమ్మ దగ్గర పెద్దపీట వేయించుకుంది. బతికున్న నాకు ఆ బుట్ట పక్కన నిలబడే చోటు కూడా లేదు.

ఒకరోజు మా ఆయన అమ్మను కళ్ళజోడు కోసం కొవ్వూరు తీసుకెళ్ళారు. వీధిలో పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ కేకేసింది. బుట్ట మూత తీసి చీర తెచ్చి ఆమె ముందు పడేశాను. జరీ చూసి ఆమె మొహం వెలిగిపోయింది. ఒక గిన్నె ఇచ్చింది. రెండిమ్మని బేరం కూడా ఆడాను.

ఆ మధ్యాహ్నం అమ్మకు ఆ గిన్నెలోనే పెరుగన్నం కలిపి పెట్టాను.

"కొత్తదేంటే? బాగుంది" అంది, కొత్త జోడులోంచి చూస్తూ.

ఆఖరి ముద్ద దాకా తిననిచ్చి, అప్పుడు చెప్పాను.

అమ్మ ఏడవలేదు. చెయ్యి కడుక్కోకుండానే గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసింది. "పెద్దదాన్ని గిన్నెకిచ్చేశావా. మరి నన్ను దేనికిస్తావే?" అంది. నేను ఆ ఎంగిలి గిన్నె తీసుకుని లోపలికి పోయాను.

మర్నాడు లేచేసరికి ఆ గిన్నె వంటింటి గూట్లో ఉంది. ఒంటినిండా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. అమ్మ దాని ఎదురుగా నిలబడి, "లేచావా అమ్మా" అంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. గిన్నె లాక్కెళ్ళి తోమేశాను. ఆ మర్నాడు మళ్ళీ బొట్టుంది. మళ్ళీ తోమాను.

నాలుగేళ్ళు ఇదే వరస. ఆవిడ పెట్టడం, నేను తోమడం. కావాలని ఆ గిన్నెలోనే పులుసు పోసి ఆవిడ ముందు పెట్టిన రోజులున్నాయి. ఆ పూట ఉత్త అన్నం తిని లేచిపోయేది. నేను నెగ్గానని సంతోషపడేదాన్ని. అవును, సంతోషమే.

నిరుడు వానల్లో ఒక ఉదయం అమ్మ ఆ గూటి కిందే కూలబడి ప్రాణం వదిలింది. అందరికీ ఫోన్లు చేశాం. చుట్టాలు వచ్చేలోగా వంటిల్లు సర్దాలని, కనబడ్డ గిన్నెలన్నీ తొట్లో వేసుకుని కూర్చున్నాను. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పీచుతో గట్టిగా రుద్ది, కడిగి, ఒక్కొక్కటే బోర్లించాను.

వేళ్ళకంటిన పసుపు చూశాక గానీ తెలియలేదు, ఆ పొద్దున కూడా అమ్మ బొట్టు పెట్టే పోయిందని. గబగబా ఆ గిన్నె తీసి తిప్పి చూశాను. చిన్న మరక కూడా మిగల్లేదు.